బొమ్మ తగ్గినా నిలుస్తుంది, గొంతు తగ్గితే నిలవదు: కల్ట్ ధారావాహికలు మోషన్ కామిక్‌గా మారే తీరు

సంక్షిప్తంగా: గీసిన బొమ్మలను చాలావరకు కదపకుండానే ఉంచి, కెమెరా నడకతోనూ ధ్వనితోనూ కథ చెప్పే పద్ధతిని మోషన్ కామిక్ అంటున్నారు. ఏళ్ల తరబడి అభిమానుల నోళ్లలో నానిన టీవీ ధారావాహికను ఈ రూపంలోకి తెచ్చినప్పుడు జయాపజయాలను తేల్చేవి పాత్రల గొంతు, మాటకూ మాటకూ మధ్య ఉండే వ్యవధి. బొమ్మల కదలిక ఆ తరువాతి సంగతి. బ్రిటన్, అమెరికా ధారావాహికల అనుభవమూ, అనంతపురం, కడప ప్రాంతాల తోలుబొమ్మలాట, సురభి నాటకాల చరిత్రా ఈ విషయాన్నే చూపిస్తున్నాయి. తెలుగులో ఇలాంటి ప్రయత్నం జరిగితే హక్కులు, నటుల గొంతు, యాస అన్న మూడింటినీ ముందే తేల్చుకోవలసి ఉంటుంది.

ఒక టీవీ ధారావాహిక ఆగిపోయి పదేళ్లో ఇరవయ్యేళ్లో గడిచాక, దాని పాత్రలను బొమ్మలుగా గీసి మోషన్ కామిక్ రూపంలో మళ్లీ తెస్తున్నారన్న మాట వినపడగానే అభిమానుల్లో రెండు రకాల అంచనాలు పుడతాయి. నిండైన యానిమేషన్ వస్తుందని కొందరు ఎదురుచూస్తారు. బొమ్మల పుస్తకం పేజీలను వీడియోగా తిప్పి చూపిస్తారని మరికొందరు పెదవి విరుస్తారు. తీరా ఈ రెండూ కాని మూడోరకం వస్తువు తెర మీదికి వచ్చేసరికి, పని సగంలో ఆపి విడుదల చేశారేమోనన్న అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం తీరాలంటే ఈ మాధ్యమం దేనిని వదులుకుంటుందో, వదులుకున్నదాని బదులు దేని మీద ఆధారపడుతుందో ముందుగా తెలుసుకోవాలి.

కదలిక లెక్క

సినిమా సెకనుకు 24 ఫ్రేములుగా నడుస్తుంది. చేతితో గీసే యానిమేషన్‌లో సాధారణంగా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపి, సెకనుకు 12 బొమ్మలతో సరిపెడతారు. ఆ లెక్కన 22 నిమిషాల భాగంలో ఒక పాత్ర ఆగకుండా కదలాలంటే 15,840 బొమ్మలు గీయాలి. మోషన్ కామిక్‌లో ఒక్కో ప్యానెల్ (కామిక్ పేజీలో గడి కట్టిన ఒక్క బొమ్మ) సగటున ఆరు సెకన్లు తెర మీద నిలుస్తుందనుకుంటే అదే 22 నిమిషాలకు 220 ప్యానెళ్లు చాలు. ఒక్కొక్క దాన్ని నాలుగు పొరలుగా విడదీసినా మొత్తం 880 ముక్కలవుతాయి. ఖర్చులో తేడా ఎంతో ఈ అంకెలే చెబుతాయి. పెద్ద నిర్మాణ సంస్థ అండ లేని కథలు కూడా ఈ రూపంలో వెలుగు చూడడానికి కారణం ఇదే.

పొరలుగా విడదీయడం అన్నది చెప్పినంత తేలిక కాదు. ప్యానెల్‌లోని మనిషిని కంప్యూటర్లో కత్తిరించి పక్కకు తీస్తే అతని వెనక ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలో గోడనో చెట్టునో మళ్లీ గీసి పూరించాలి. చెయ్యి కదలాలంటే భుజం దగ్గర కోసి, కోత కనిపించకుండా అతుకు వేయాలి. ఆ తరువాత పొరలను వేర్వేరు వేగాలతో జరుపుతారు. గుత్తి నుంచి అనంతపురం వచ్చే బస్సు కిటికీలోంచి చూస్తే దారి పక్క చెట్లు చకచకా వెనక్కి పోతూ, దూరపు గుట్టలు మాత్రం నింపాదిగా జరుగుతున్నట్లు కనిపించినట్టే, ముందు పొర వేగంగానూ వెనక పొర నెమ్మదిగానూ జరిగితే చదునైన బొమ్మలో లోతు ఉన్నట్టు కంటికి తోస్తుంది. దీనికి కనురెప్ప పాటు, పొగ, వాన, పెదవుల చిన్న కదలిక తోడైతే మోషన్ కామిక్ అంటున్న దృశ్యం తయారవుతుంది.

ఈ పద్ధతికి పేరు కొత్తదే గాని పని పాతది. 1966లో అమెరికాలో మార్వెల్ కామిక్ పుస్తకాల బొమ్మలనే నేరుగా వాడి, చేతులూ పెదవులూ మాత్రం కదిలిస్తూ టీవీ కార్యక్రమం తీశారు. 1967లో జపాన్ దర్శకుడు నగీసా ఒషిమా ఒక మాంగా (జపాన్ బొమ్మల కథ) మూల చిత్రాలనే కెమెరా ముందు పెట్టి, యానిమేషన్ జోలికి పోకుండా, కోతలు, మాటలు, శబ్దాలతోనే పూర్తి నిడివి సినిమా తీశాడు. 2008లో ‘వాచ్‌మెన్’ కామిక్ 12 భాగాల మోషన్ కామిక్‌గా వచ్చాక ఆ పేరు జనంలో స్థిరపడింది.

కాలం ఎవరి చేతిలో ఉంటుంది

టీవీ ధారావాహికకూ బొమ్మల కథకూ ఉన్న అసలు తేడా కాలాన్ని నడిపేది ఎవరన్న దానిలో ఉంది. టీవీలో కాలం నటుడి చేతిలోనూ, ఎడిటర్ చేతిలోనూ ఉంటుంది. ఒక మాట అన్నాక ఎంతసేపు ఆగాలో, ఎదుటివాడి ముఖం మీద దృశ్యం ఎంతసేపు నిలవాలో వాళ్లు నిర్ణయిస్తారు. కామిక్ పుస్తకంలో కాలం చదివేవాడిది. ఇష్టమైన బొమ్మ దగ్గర ఆగవచ్చు, వెనక్కి వెళ్లవచ్చు, రెండు పేజీలను ఒక్క చూపులో చుట్టేయవచ్చు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద కిరాతార్జునీయాన్ని చిత్రించిన పద్ధతిలోనూ కాలం చూసేవాడిదే. మెడ ఎత్తి నడుస్తున్న మనిషి అడుగులను బట్టి కథ ముందుకు సాగుతుంది, అతను ఆగితే కథా ఆగుతుంది.

మోషన్ కామిక్ ఆ స్వేచ్ఛను తీసేసుకుంటుంది. నిశ్చలమైన బొమ్మకు బయటి నుంచి ఒక నిడివిని కడుతుంది. చదవడానికి గీసిన ప్యానెల్ రెండు సెకన్లకే పూర్తిగా అర్థమైపోతుంది, సంభాషణ మాత్రం పది సెకన్లు సాగుతుంది. మిగిలిన ఎనిమిది సెకన్లను దేనితో నింపాలన్న సమస్య దగ్గరే చాలా ప్రయత్నాలు తడబడతాయి. అర్థం లేని కెమెరా తిరుగుళ్లు, ఊరికే పెద్దదవుతూ చిన్నదవుతూ ఉండే ముఖాలు, అవసరం లేని మెరుపులు ఆ తడబాటు నుంచే వస్తాయి. బొమ్మ మీద నమ్మకం ఉన్నచోట కెమెరా ఆగి ఉంటుంది, వినబడే మాట ఆ ఎనిమిది సెకన్లనూ మోస్తుంది.

మామూలు ధారావాహికకు ఈ సమస్య ఇంత పెద్దది కాదు. కల్ట్ ధారావాహిక సంగతి వేరు. అది మొదటిసారి ప్రసారమైనప్పుడు వచ్చిన జనాదరణ కన్నా, తరువాత మళ్లీ మళ్లీ చూసినవాళ్ల విశ్వాసం మీద బతుకుతుంది. ఆ ప్రేక్షకులకు సంభాషణలు కంఠతా వచ్చి ఉంటాయి. ఫలానా మాటకు ముందు ఎంత మౌనం ఉందో, ఎక్కడ గొంతు పెరిగిందో, ఎక్కడ మాట మింగేశారో వాళ్ల చెవికి తెలుసు. ముఖం కాస్త తేడాగా గీస్తే చిత్రకారుడి శైలి అని సరిపెట్టుకుంటారు. వ్యవధి అర సెకను తప్పితే మాత్రం ఇది మన పాత్ర కాదని వెంటనే పట్టేస్తారు.

పోలిక విషయంలోనూ ఒక మాట చెప్పుకోవాలి. నటుల ఫొటోలను పెట్టుకుని వాటి మీదే గీసిన ముఖాలు పుస్తకంలో బాగానే ఉంటాయి. తెర మీద ఆరు సెకన్లు నిలిచేసరికి మాత్రం అవి బిగుసుకుపోయినట్టు కనిపిస్తాయి, ఎందుకంటే ఫొటో లాంటి ముఖం నుంచి కన్ను ఫొటో లాంటి కదలికనే ఆశిస్తుంది. నాలుగు గీతల వ్యంగ్య చిత్రం నుంచి ఎవరూ అది కోరరు. 1986లో దూరదర్శన్‌లో వచ్చిన ‘మాల్గుడి డేస్’ను తలుచుకుంటే చాలామందికి ఈనాటికీ ముందుగా గుర్తొచ్చేవి ఆర్.కె. లక్ష్మణ్ గీతలు, వాటి వెనక వినిపించే రాగం. పోలిక కోసం ప్రాకులాడని బొమ్మ, మరపురాని ధ్వని కలిస్తే ఎంత గట్టిగా పట్టుకుంటాయో ఆ ధారావాహిక ఏనాడో చూపించింది.

విదేశీ అనుభవం: మూడు దారులు

టీవీ కథను బొమ్మల్లోకి తెచ్చినవాళ్లు ఇప్పటివరకు మూడు దారులు తొక్కారు. ఆగిపోయిన కథను ముందుకు కొనసాగించడం ఒకటి, కథకు ముందు జరిగినదాన్ని చెప్పడం రెండోది, పోయిన భాగాలను తిరిగి కట్టడం మూడోది.

మొదటి దారికి ‘బఫీ ది వాంపైర్ స్లేయర్’ అనే అమెరికా ధారావాహిక మంచి ఉదాహరణ. 1997 నుంచి 2003 వరకు ఏడు సీజన్లుగా నడిచిన ఆ ధారావాహిక ఎనిమిదో సీజన్ 2007లో కామిక్ పుస్తకంగా మొదలైంది. టీవీలో ఖర్చుకు భయపడి తలపెట్టని దృశ్యాలన్నీ కాగితం మీద సాధ్యమయ్యాయి. నాయిక చెల్లెలు ఆకాశమంత ఎత్తు పెరగడం, ఒక కోటలో సైన్యమంత మంది యోధురాళ్లు ఉండడం లాంటివి గీయడానికి అదనంగా పట్టేది సిరా మాత్రమే. ఆ కామిక్‌లో తొలి 19 సంచికలను 2010లో మోషన్ కామిక్‌గా తెచ్చారు. బొమ్మలు అవే, కథ మూల రచయితల పర్యవేక్షణలో వచ్చినదే. గొంతులు మాత్రం టీవీ నటులవి కావు. కామిక్ చదువుతున్నంతసేపూ పాఠకుడు తన మనసులో పాత నటుల గొంతునే వింటాడు కాబట్టి అక్కడ ఏ లోటూ తెలియదు. అదే బొమ్మకు కొత్త గొంతు పెట్టేసరికి ఆ ఊహ చెదిరింది. కదలిక చేర్చి విలువ పెంచుదామన్న ప్రయత్నం, ధ్వని విషయంలో, పుస్తకం కన్నా వెనకబడింది.

రెండో దారిలో వెళ్లిన ‘డెక్స్‌టర్’ అనే అమెరికా ధారావాహిక ఆ పొరపాటు జరగనివ్వలేదు. ఆ ధారావాహికకు పూర్వకథగా 2009లో వచ్చిన చిన్న చిన్న బొమ్మల భాగాలకు కథానాయకుడి పాత్రధారి మైకేల్ సి. హాల్ స్వయంగా గొంతు ఇచ్చాడు. టీవీలోనూ ఆ పాత్ర సగం కథను లోపలి మాటగానే చెబుతుంది. అందువల్ల బొమ్మ దాదాపు కదలకపోయినా, చిత్రకారులు తమ తమ శైలుల్లో ముఖాలను గీసినా, పాత్ర చెక్కుచెదరలేదు.

అంతకు చాలా ముందే ‘స్టార్ ట్రెక్’ విషయంలో ఇదే సంగతి తేలింది. 1966 నుంచి 1969 వరకు నడిచి ఆగిపోయిన ఆ ధారావాహికను 1973, 1974లలో ఫిల్మేషన్ సంస్థ 22 భాగాల యానిమేషన్‌గా తీసింది. ఖర్చు మిగల్చడానికి ఒకసారి గీసిన దృశ్యాలనే పదే పదే వాడారు, కదలిక చాలా పొదుపుగా ఉండేది. గొంతులు మాత్రం మూల నటులవే. నిజానికి డబ్బు చాలక ఆ నటుల్లో వాల్టర్ కోనిగ్ ఒక్కరిని తీసుకోలేదు. జార్జ్ టకేయి, నిషెల్ నికల్స్‌లను కూడా వదిలేయబోతే, వాళ్లు లేకుండా తాను చేయనని ప్రధాన నటుల్లో ఒకరైన లియనార్డ్ నిమోయ్ పట్టుబట్టాడు. ఆ పట్టుదల వల్ల కలిగిన మేలు ఎంతో చెప్పలేం గాని, ఆ యానిమేషన్ 1975లో అమెరికా టీవీ రంగపు ఎమ్మీ పురస్కారం అందుకుంది.

దీనికి పూర్తి ఎదురు కొసన ‘వాచ్‌మెన్’ ఉంది. అది టీవీ నుంచి వచ్చినది కాకపోయినా గొంతు గురించి ఒక పాఠం దానిలో దొరుకుతుంది. సుమారు ఐదున్నర గంటల నిడివి గల ఆ మోషన్ కామిక్‌లో ఆడ, మగ, పిన్న, పెద్ద అన్న భేదం లేకుండా పాత్రలన్నింటికీ టామ్ స్టెక్‌షుల్ట్ అనే ఒక్క నటుడే గొంతు ఇచ్చాడు. పుస్తకాన్ని ఒకరు చదివి వినిపిస్తున్నట్టుగా తీసుకుంటే అది ఒప్పుతుంది. పాత్రలు మాట్లాడుకుంటున్నట్టుగా వింటే, ముఖ్యంగా స్త్రీ పాత్రల దగ్గర, ఇబ్బంది పెడుతుంది. టీవీ గొంతుల జ్ఞాపకం ఉన్న ధారావాహికకు ఈ పద్ధతి అసలు పనికిరాదు.

బొమ్మ పోయి గొంతు మిగిలినప్పుడు

మూడో దారి అన్నింటికన్నా విలువైనది. బీబీసీలో 1963లో మొదలైన ‘డాక్టర్ హూ’ భాగాలు చాలా వాటిని ఆ సంస్థే 1967 నుంచి 1978 మధ్య చెరిపేసింది, లేదా పారేసింది. టేపులు ఖరీదైనవి, మళ్లీ ప్రసారం చేస్తామన్న ఆలోచన లేదు, ఇంట్లో వీడియో పెట్టుకుని చూసే రోజు వస్తుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. దృశ్యం అలా పోయింది గాని శబ్దం మిగిలింది. ప్రసార సమయంలో టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టి మాటలు పట్టుకున్న అభిమానుల వల్ల, పోయిన ప్రతి భాగపు ధ్వనీ ఏదో ఒక రూపంలో దొరికింది. జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫరు టీవీ తెర మీది దృశ్యాలను వరుసగా ఫొటోలు తీసి అమ్మేవాడు, అవి కూడా చాలావరకు నిలిచాయి.

అభిమానులు ఆ నిశ్చల ఫొటోలను ధ్వనితో జతపరిచి పోయిన భాగాలను మళ్లీ కట్టుకున్నారు. పేరు పెట్టలేదు గాని అవి మోషన్ కామిక్ లాంటివే. ఆ తరువాత బీబీసీ కూడా అదే పనికి దిగింది. 1968 నాటి ఎనిమిది భాగాల ‘ది ఇన్వేజన్’లో పోయిన ఒకటి, నాలుగు భాగాలను 2006లో యానిమేషన్‌గా తీశారు. 1966 నాటి ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ ఆరు భాగాలూ పోగా, 2016లో ఆరింటినీ బొమ్మలతో తిరిగి నిర్మించారు. వాటిలో కదలిక పరిమితమే, నడకలు బిరుసుగా ఉన్నాయన్న విమర్శా ఉంది. అయినా వాటిని ‘డాక్టర్ హూ’ కాదని ఎవరూ అనలేదు. నటుల అసలు గొంతు, అసలు విరామాలు, అసలు సంగీతం అక్కడున్నాయి. ‘బఫీ’ని దీని పక్కన పెట్టి చూస్తే, బొమ్మా కథా అధికారికమైనవే అయినా గొంతు మారినచోట అభిమాని దూరమయ్యాడని, బొమ్మ పూర్తిగా కొత్తదైనా గొంతు పాతదే అయినచోట ఆదరించాడని తేటతెల్లమవుతుంది.

నిమ్మలకుంట, సురభి చెప్పే సంగతి

అనంతపురం, కడప ప్రాంతాలకు ఇది కొత్త విషయం కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది) తోలుబొమ్మలకు పేరుపొందిన ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును పలచగా శుభ్రం చేసి, రంగులద్ది, చిల్లులు పొడిచి చేసే ఆ బొమ్మకు మెడ, భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు వంటి కొన్ని చోట్లే అతుకులుంటాయి. ముఖంలో ఏ కదలికా ఉండదు. రావణుడు కోపించినా, విలపించినా తెర మీద అదే కన్ను, అదే మీసం. భావాన్ని మోసేది తెర వెనక మనిషి గొంతు, హార్మోనియం, మద్దెల, యుద్ధఘట్టాల్లో కాలి కింద టకటకలాడే చెక్కలు. స్త్రీ పాత్రలకు మేళంలోని ఆడవాళ్లే పాడతారు, మాట్లాడతారు. హాస్య పాత్రలైన జుట్టు పోలిగాడు, బంగారక్క తెర మీదికి వచ్చేసరికి భాష పద్యం నుంచి ఊరి మాటలోకి దిగుతుంది, ఆ మార్పుతోనే జనం నవ్వడం మొదలుపెడతారు.

మోషన్ కామిక్ నిర్మాతలు సాఫ్ట్‌వేర్‌తో కుస్తీపట్టి నేర్చుకుంటున్నదంతా ఈ ఆటలో ఎప్పటి నుంచో ఉంది. బొమ్మను ముక్కలుగా చేసి అతకడం, అతుకులను అవసరమైనన్ని చోట్లకే పరిమితం చేయడం, ఒకే పాత్రకు సందర్భాన్ని బట్టి వేరే బొమ్మ వాడడం, బొమ్మ తెరకు దగ్గరగా, దూరంగా జరగడాన్ని బట్టి దాని పరిమాణాన్నీ స్పష్టతనూ మార్చడం, అన్నింటికన్నా ముఖ్యంగా కదలని ముఖానికి గొంతుతో ప్రాణం పోయడం ఆ మేళాల నిత్యకృత్యం. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. ఆ గుర్తింపు చేతిపనికి చెందింది. ఆట తగ్గి, దీపాల గొడుగులూ గోడ బొమ్మలూ ఎక్కువగా తయారవుతున్న ఈ రోజుల్లో తెర వెనక గొంతు విద్యను పట్టించుకున్నవాళ్లు తక్కువ. మోషన్ కామిక్ కోసం నిమ్మలకుంటకు వెళ్లేవాళ్లు బొమ్మల రూపురేఖలు తెచ్చుకుని ఊరుకుంటే అసలు సరుకును అక్కడే వదిలి వచ్చినట్టవుతుంది.

కడప జిల్లాలోని సురభి గ్రామం దీనికి మరో కోణం చూపిస్తుంది. 1885లో అక్కడ ఒక పెళ్లి సందర్భంగా తోలుబొమ్మలాడించే వనారస కుటుంబీకులు బొమ్మలను పక్కనపెట్టి, తామే వేషాలు కట్టి ‘కీచకవధ’ ఆడారు. సురభి నాటక సమాజాలు అక్కడి నుంచే మొదలయ్యాయి. ఒక మాధ్యమం నుంచి మరో మాధ్యమానికి జరిగిన ఈ ప్రయాణం టీవీ నుంచి మోషన్ కామిక్‌కు జరిగేదానికి సరిగ్గా ఎదురు దిశలో ఉంది. మోషన్ కామిక్‌లో మనిషి బొమ్మ అవుతున్నాడు, సురభిలో బొమ్మ మనిషి అయింది. బొమ్మ వెనక సాధన చేసిన గొంతు, పద్యం, కాలం తూచే నేర్పు ఆ కుటుంబాలతోనే ఉన్నాయి గనుక రూపం తలకిందులైనా ప్రేక్షకుడు వాళ్ల వెంటే వెళ్లాడు.

తెలుగులో అయితే: ‘అమృతం’ ఉదాహరణ

తెలుగులో కల్ట్ ధారావాహిక అన్న మాటకు పూర్తిగా తగినది ‘అమృతం’. గుణ్ణం గంగరాజు రూపకల్పనలో 2001 నుంచి 2007 వరకు జెమిని టీవీలో ఆదివారాల్లో వచ్చింది. యూట్యూబ్ వచ్చాక, అది ప్రసారమైననాటికి పుట్టనివాళ్లు కూడా దాని అభిమానులయ్యారు. అలాంటి ధారావాహికను మోషన్ కామిక్‌గా తీస్తే ఎలా ఉంటుందన్నది ఊహే అయినా, పైన చెప్పిన సూత్రాన్ని పరీక్షించడానికి అంతకన్నా మంచి కేసు లేదు.

అందులో కథానాయకుడు అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. ముఖం మారింది, గొంతూ మారింది. అయినా ధారావాహిక నిలిచింది. గొంతు మారితే అభిమాని దూరమవుతాడన్న మాటకు ఇది అడ్డం వస్తున్నట్టు కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే, అమృతరావు మారిన ప్రతిసారీ అతని పక్కన గుండు హనుమంతరావు ఆంజనేయులుగా, వాసు ఇంటూరి సర్వంగా, శివన్నారాయణ అప్పాజీగా ఉన్నారు. కొత్త నటుడు పాత లయలోకి వచ్చి చేరాడు. హాస్యం ఒక్క గొంతులో ఉండదు, రెండు గొంతుల మధ్య ఉంటుంది. అమృతరావు ఉత్సాహంగా ఒక పథకం చెప్పడం, ఆంజనేయులు క్షణం ఆగి బదులివ్వడం అన్న ఆ వ్యవధి చెడనంతకాలం ఒక వైపు గొంతు మారినా చెల్లింది. అన్నీ ఒకేసారి మారితే చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న. ‘బఫీ’ మోషన్ కామిక్ దానికి చెల్లదనే సమాధానం ఇస్తోంది.

గుండు హనుమంతరావు 2018లో కన్నుమూశారు. 2020లో ఓటీటీలో వచ్చిన ‘అమృతం ద్వితీయం’లో ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్ నటించారు. మోషన్ కామిక్‌లోనైతే ముఖం పాతదే గీయవచ్చు. అప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. కొత్త ముఖం కొత్త గొంతుతో మాట్లాడితే ఇది వేరే నటుడని ప్రేక్షకుడు సర్దుకుంటాడు. పాత ముఖం కొత్త గొంతుతో మాట్లాడితే సర్దుకునే దారే ఉండదు.

ఇక కథ విషయానికి వస్తే, పాత భాగాలనే మళ్లీ బొమ్మలుగా గీయడం వృథా ప్రయాస. అసలువే ఉచితంగా దొరుకుతున్నాయి. ఒక ఇల్లు, ఒక హోటలు అన్న పరిమితిలో నడిచిన కథను ఆ పరిమితి దాటించడమే బొమ్మ చేయగల మేలు. 2014లో ‘చందమామలో అమృతం’ సినిమా ఈ పాత్రలను చంద్రుడి మీదికి పంపింది. సినిమాలో అలాంటి దృశ్యానికి సెట్టూ గ్రాఫిక్సూ కావాలి. మోషన్ కామిక్‌లో చంద్రుడి నేల గీయడానికీ హోటలు వంటిల్లు గీయడానికీ ఖర్చు ఒకటే.

హక్కుల చిక్కు

ఇలాంటి పనికి ఎవరి అనుమతి కావాలన్నది చాలామందికి తెలియని విషయం. 1957 నాటి కాపీరైట్ చట్టం ‘అనుసరణ’ను నిర్వచిస్తూ, ఒక సాహిత్య లేదా నాటక రచనలోని కథను పూర్తిగా గానీ ప్రధానంగా గానీ బొమ్మల ద్వారా చెప్పే రూపాన్ని కూడా అందులో చేర్చింది. అందువల్ల బొమ్మలు కొత్తగా గీశాం కాబట్టి అది సొంత సృష్టే అన్న వాదన చెల్లదు. ధారావాహిక దృశ్యాల మీద హక్కు నిర్మాతది. టైటిల్ పాటకు రాతా బాణీల హక్కులు వేరుగా ఉంటాయి. రచయితలు రాసుకున్న ఒప్పందాన్ని బట్టి పాత్రల మీద హక్కు ఎవరిదో తేలుతుంది. 2000 ప్రాంతంలో రాసుకున్న టీవీ ఒప్పందాల్లో ఇలాంటి రూపం ఒకటి వస్తుందన్న ఊహ సాధారణంగా ఉండదు కాబట్టి, పాత కాగితాలను తిరగేయకుండా పని మొదలుపెట్టడం ప్రమాదం.

నటుడి పోలికది మరో లెక్క. పాత్ర నిర్మాతది కావచ్చు గాని ముఖం నటుడిది. ప్రసిద్ధుల రూపాన్నీ గొంతునూ అనుమతి లేకుండా వాడకూడదని ఢిల్లీ హైకోర్టు 2023లో అనిల్ కపూర్ కేసులో ఉత్తర్వులిచ్చింది. గొంతును కృత్రిమంగా పుట్టించే సాధనాల విషయంలో బొంబాయి హైకోర్టు 2024లో గాయకుడు అరిజిత్ సింగ్‌కు రక్షణ కల్పించింది. మరణించిన నటుడి గొంతును పాత రికార్డింగుల నుంచి కృత్రిమ మేధతో మళ్లీ పుట్టించడం సాంకేతికంగా ఇప్పుడు కష్టం కాదు. కుటుంబం ఒప్పుకున్నా కూడా అది మేలైన దారి కాదు. యంత్రం పాత గొంతు నాదాన్ని పట్టుకోగలదు. ఎదుటి నటుడి మాట విని అప్పటికప్పుడు ఎంత ఆగాలో తేల్చుకునే పని దానికి చేతకాదు, అభిమాని గుర్తుపెట్టుకున్నది ఆ ఆగడాన్నే.

యాస, సీమ గొంతులు

ఈ రూపం వల్ల రాయలసీమకు ఏమైనా ఒరుగుతుందా అంటే, ఒరిగే చోటు ధ్వనిలోనే ఉంది. బొమ్మలు గీసేవాళ్లు హైదరాబాదులో ఉన్నా, చెన్నైలో ఉన్నా ఒకటే. ‘యాడికి పోతాండావప్పా’ అన్న మాటను అనంతపురంలో అన్నట్టు అనాలంటే మాత్రం అక్కడి మనిషే అనాలి. తెలుగు సినిమా చాలాకాలం సీమ మాటను కత్తులూ సుమోలూ ఉన్న సన్నివేశాలకే కట్టేసింది. కర్నూలులో ఒకలా, కడపలో ఒకలా, కన్నడ గాలి సోకిన మడకశిర వైపు మరోలా పలికే ఈ మాటలో వెటకారం ఉంది, లాలన ఉంది, ఇంటి కబుర్లున్నాయి. కదలని ముఖం మీద గొంతే సమస్తమూ అయిన మాధ్యమంలో ఆ తేడాలు వినిపించకుండా దాచడం కుదరదు.

దీనికి ఒక చిన్న సాంకేతిక సంగతి అడ్డుపడుతుంది. మోషన్ కామిక్‌లో కొందరు మాటల బుడగలను తెర మీద ఉంచుతారు, ‘వాచ్‌మెన్’లో ఉంచారు. బుడగలో శిష్ట వ్యావహారికం రాసి గొంతులో యాస పలికిస్తే కన్నూ చెవీ పోట్లాడుకుంటాయి. యాసను ఉన్నది ఉన్నట్టు రాస్తే వేరే జిల్లావాళ్లు చదవడానికి తడుముకుంటారు, చదివేలోపు మాట వెళ్లిపోతుంది. ఫోన్ తెర మీద ఆ అక్షరాలు మరీ చిన్నవవుతాయి. బుడగలను తీసేసి గొంతుకే వదిలేయడం తెలుగుకు మేలు.

ఈ గొంతులు పలికే మనుషులు లేరని ఎవరైనా అంటే ఆ మాట నిలవదు. కడప, అనంతపురం, కర్నూలు ఆకాశవాణి కేంద్రాల నాటకాల్లో పలికినవాళ్లు, పద్యనాటకాల వాళ్లు, తోలుబొమ్మల మేళాల్లో పాడినవాళ్లు ఈ జిల్లాల్లో ఉన్నారు. బొమ్మల వైపు చూస్తే కడపలో 2020లో ఏర్పడిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. గొంతు ఇచ్చేవాళ్లనూ బొమ్మలు గీసేవాళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టే నిర్మాత దొరకడమే మిగిలింది. అలాంటి నిర్మాత ముందుగా మార్చుకోవలసింది పని వరుస. ఇప్పుడు ఎక్కువచోట్ల బొమ్మలు గీసి, పొరలు కోసి, కదలిక పెట్టాక చివర్లో డబ్బింగ్ చెప్పిస్తున్నారు. దానివల్ల నటుడు ఆరు సెకన్ల ప్యానెల్‌కు తన మాటను కుదించుకోవలసి వస్తోంది. ముందే నటులందరినీ కలిపి కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరు వింటూ ఉండగా రికార్డు చేస్తే, ఏ ప్యానెల్ ఎన్ని సెకన్లు నిలవాలో, ఏ మాట దగ్గర కొత్త ముఖం అవసరమో, ఎక్కడ బొమ్మను కదపకుండా వదిలేయవచ్చో ఆ రికార్డింగ్ నుంచే తేలుతుంది. చిత్రకారుడు స్క్రిప్టు చదివి కాకుండా ఆ మాటలు విని గీయడం మొదలుపెడతాడు.